సుజాతక్క ఆపరేషన్ గురించి శీనుకి

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజీలన్నీ వరసగా విన్నాను. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇదీ: అక్కకి గర్భసంచి తీసేయాలన్నారు, బావ సరే అన్నాడు, మీ అమ్మ సరే అంది, నువ్వు డబ్బులు సర్దడానికి రెడీగా ఉన్నావు, వచ్చే నెల మొదట్లో మంచిరోజు కూడా చూసేశారు. ఇంతమంది మాటలు చెప్పావు గానీ అక్క ఏమంటోందో ఒక్క మెసేజీలో కూడా లేదురా. ఫోన్ చేస్తే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు, అందుకే కూర్చుని రాస్తున్నా. పొడుగ్గానే ఉంటుంది, టీ పెట్టుకుని చదువు.

నేను డాక్టర్ని కాను, అది నీకూ తెలుసు. కాకపోతే ఇన్నేళ్లుగా బెంగళూరులో ఉంటూ, మదనపల్లె నుంచి చింతామణి, హొసకోటె మీదుగా బస్సెక్కి ఫైలు చంకలో పెట్టుకుని కె.ఆర్.పురంలో దిగే చుట్టాలందరికీ ఆస్పత్రి గైడు ఉద్యోగం చేస్తున్నదాన్ని. జీతం లేదు గానీ అనుభవం వచ్చింది.

ముందు ఆ స్కాన్ రిపోర్టు. నువ్వు పంపిన ఫోటోలో సగం నీడే ఉంది, అయినా చదివాను. 'బల్కీ యుటెరస్' అన్న మాట చూసి మీ అమ్మ ఏడ్చిందన్నావు కదా. బల్కీ అంటే కాస్త పెద్దగా ఉంది అని, అంతే. ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కన్న ఆడవాళ్ల స్కాన్లలో ఆ మాట తరచుగా కనిపిస్తుంది. కింద 'నబోథియన్ సిస్ట్స్' అని ఉంది చూడు, సిస్టు అనగానే గడ్డ అనుకుంటాం, అవి మామూలుగా ఏ వైద్యమూ అక్కర్లేని చిన్న నీటి బుడగలు. ఇక ఫైబ్రాయిడ్, అంటే గర్భసంచిలో పెరిగే కండ గడ్డ, 3 సెంటీమీటర్లు. ఫైబ్రాయిడ్లు చాలామందికి ఉంటాయి, చాలామందికి ఉన్నట్టే తెలియదు, అవి క్యాన్సర్‌గా తేలడం చాలా అరుదు, ముట్లుడిగాక సాధారణంగా కుంచించుకుపోతాయి కూడా. అక్కకి 43. అంటే ఆ రోజు మరీ దూరంలో లేదు.

అలాగని అక్కకి ఏమీ లేదని నేననడం లేదు. నెలనెలా అంత బ్లీడింగ్, హిమోగ్లోబిన్ 8.2. ఆడవాళ్లకి 12 ఉండాలి. మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే అందుకే. నన్నడిగితే ఆ రిపోర్టుల్లో నిజంగా భయపడాల్సిన అంకె ఆ 8.2 ఒక్కటే, దాని గురించి మీ ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు, అందరూ సంచి మీదే పడ్డారు.

అక్కని మొదట చూసిన ఆర్‌ఎంపీ 'లోపల పుండు పడింది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది' అన్నాడన్నావు కదా, ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది. మన వైపు పల్లెల్లో ఎంతమంది ఆడవాళ్లకి ఈ ఒక్క మాట చెప్పి బల్ల ఎక్కించారో. గర్భసంచి ముఖద్వారం దగ్గర ఎర్రగా కనిపించడం చాలాసార్లు మామూలు విషయమే, దాన్నే పుండు అనేస్తారు. అనుమానం ఉంటే పాప్ స్మియర్ అని చిన్న పరీక్ష ఉంది, కోత లేదు, కొన్ని నిమిషాల పని. అది చేయించారా అంటే నీ మెసేజీల్లో ఎక్కడా లేదు. పరీక్ష లేకుండా క్యాన్సర్ పేరెత్తినవాడి మాట మీద సంచి తీయించుకోవడం ఏంట్రా?

ఇది మీ ఒక్క ఇంటి సంగతీ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర ఉంటే, మన ఆంధ్రాలో 9 శాతానికి దగ్గర. తెలంగాణ కూడా 8 పైనే. మన ఆడవాళ్ల సంచులకే ప్రత్యేకంగా జబ్బులొస్తాయా? 'పిల్లలు పుట్టేశారు కదా, ఇంక దాంతో పనేముంది' అనే మాట మన ఇళ్లల్లో ఎంత తేలిగ్గా వచ్చేస్తుందో నీకు తెలుసు. ఈ అనవసరపు ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టు దాకా కేసు వెళ్లింది, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్ని మూడు నెలల్లో అమల్లో పెట్టమని 2023లో రాష్ట్రాలన్నిటికీ కోర్టు చెప్పింది కూడా.

మా అమ్మ సంగతి నీకెప్పుడూ చెప్పలేదనుకుంటా. ఆమెకి 34 ఏళ్లకే తీసేశారు, అండాశయాలతో సహా. అప్పట్లో ఎవరూ ఏమీ అడగలేదు, నాయన సంతకం పెట్టాడు, అయిపోయింది. నెల తిరక్కుండానే ఒళ్లంతా సెగలు, రాత్రిళ్లు చెమటలు, నిద్ర లేదు, 'వేడి చేసింది' అని మా అవ్వ సబ్జా గింజలు, మజ్జిగ తాగించేది. నిజానికి అండాశయాలు తీసేస్తే ఆ రోజుతోనే ముట్లుడిగినట్టు లెక్క, ఎముకలు తొందరగా బలహీనపడతాయి. పోయినేడాది బాత్రూంలో జారితే అమ్మ మణికట్టు విరిగింది, స్కాన్ చేస్తే ఎముకలు గుల్లబారిపోయి ఉన్నాయి. అందుకే మీరు ఏ డాక్టర్ని కలిసినా ఈ ఒక్క ప్రశ్న మాత్రం మర్చిపోవద్దు: సంచి ఒక్కటే తీస్తారా, అండాశయాలు కూడానా? తీస్తే ఎందుకు? 'ఎలాగూ పొట్ట తెరుస్తాం కదా' అన్నది జవాబు కాదు. అండాశయాలు ఉంచినా కొందరికి ముట్లు ముందుగానే ఆగుతాయట, అదీ అడగండి.

రెండో డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మనవాళ్లు చేసేదేంటంటే, కుర్చీలో కూర్చోగానే 'ఫలానా ఆస్పత్రిలో ఆపరేషన్ అన్నారండీ, చేయించమంటారా' అని అడుగుతారు. ఆ డాక్టర్ కూడా ఆపరేషన్లు చేసేవారే అయితే 'చేయించుకోండి, ఇక్కడే చేస్తాం' అంటారు, ఇంకో రెండొందలు తక్కువో ఎక్కువో అంతే తేడా. అలా వద్దు. ముందు అక్క తన బాధ తను చెప్పాలి, ఎన్ని రోజులు అవుతోంది, ఎన్ని ప్యాడ్లు మారుస్తోంది, గడ్డలు పడుతున్నాయా, నొప్పి ఉందా. తర్వాత రిపోర్టులు. తర్వాత ప్రశ్న: ఆపరేషన్ కాకుండా ఏమేం దారులున్నాయి, అవి నాకెందుకు పనికిరావు? ఈ ప్రశ్నకి ఓపిగ్గా జవాబు చెప్పే డాక్టర్ ఆపరేషనే చేయాలన్నా నేను నమ్ముతా. విసుక్కునే డాక్టర్ వద్దన్నా నమ్మను.

దారులు ఉన్నాయి కూడా. బ్లీడింగ్ తగ్గించే మాత్రలున్నాయి, ట్రానెక్సమిక్ యాసిడ్ అని, ఆ రోజుల్లో మాత్రమే వేసుకోవాలి, కొందరికి పడదు కాబట్టి డాక్టర్ చూసే ఇవ్వాలి, మందుల షాపులో అడిగి కొనేది కాదు. హార్మోన్ మాత్రలున్నాయి. లోపల అమర్చే హార్మోన్ లూప్ ఉంది, ఒకసారి పెడితే సుమారు 5 ఏళ్లు పనిచేస్తుంది, చాలామందికి బ్లీడింగ్ బాగా తగ్గిపోతుంది, మొదటి కొన్ని నెలలు మధ్యమధ్యలో కనిపిస్తుంటే కంగారుపడి తీయించేసుకోకూడదు. మా ఆఫీసులో ఒకావిడ అది పెట్టించుకుని హాయిగా ఉంది, వాళ్లత్తగారు మాత్రం 'ఇనుప ముక్క పెట్టుకుంది' అని ఇప్పటికీ అంటూనే ఉంటుందట. అది ఇనుమూ కాదు, రాగీ కాదు. థైరాయిడ్ తేడాగా ఉన్నా బ్లీడింగ్ ఎక్కువవుతుంది, దానికి ఒక్క రక్తపరీక్ష చాలు. అక్క వయసుకి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ కూడా అడగొచ్చు, అది మాత్రం వద్దనకండి, అందులో తేడా ఏమైనా ఉంటే ముందే తెలియాలి.

ఇవన్నీ చూశాక కూడా ఆపరేషనే అంటే చేయించేద్దాం. మందులకి లొంగకపోతే, ఫైబ్రాయిడ్ పెద్దదైతే, బయాప్సీలో ఏదైనా వస్తే, సంచి కిందికి జారితే, ఇలాంటప్పుడు ఆపరేషన్ మంచిదే, చేయించుకున్నాక 'ముందే చేయించుకుని ఉంటే బాగుండేది' అన్నవాళ్లు నాకు తెలుసు. మా అత్తమ్మకి పిత్తాశయంలో రాళ్లు, తిన్నప్పుడల్లా కుడివైపు డొక్కలో నొప్పి. మొదటి డాక్టర్ ఆపరేషన్ అన్నారు, రెండో ఆయనా అదే అన్నారు, నొప్పి లేకపోతే వదిలేసేవాళ్లం, మీకు నొప్పి వస్తోంది కాబట్టి తీయాలి అని బొమ్మ గీసి చూపించారు. అత్తమ్మకి ఆ బొమ్మతోనే టెన్షన్ సగం పోయింది. రెండోసారి వెళ్లినందుకు డబ్బులు దండగ అని మావయ్యగారు గొణిగారు గానీ, నాకైతే దండగ అనిపించలేదు.

ఎక్కడికి రావాలి అంటావా. ఇక్కడ సెయింట్ జాన్స్ ఉంది, మెడికల్ కాలేజీ ఆస్పత్రి, రద్దీ ఎక్కువే, పొద్దున్నే రావాలి. వాణీవిలాస్ ఉంది, సర్కారు ఆస్పత్రి, ఆడవాళ్లకీ పిల్లలకీ. మీకు వెల్లూరు సీఎంసీ కూడా దూరం కాదు, మీ అమ్మకి ఎలాగూ వెల్లూరంటే గురి. టీచింగ్ ఆస్పత్రుల్లో నాకు నచ్చేదేంటంటే ఒకరు చూసినదాన్ని ఇంకొకరు మళ్లీ చూస్తారు. భాష గురించి అక్క భయపడుతుందేమో, అక్కర్లేదు, బెంగళూరులో తెలుగు అర్థమయ్యే నర్సు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, లేకపోతే నా కన్నడం ఉంది, ఆటోవాళ్లతో గొడవపడి నేర్చుకున్నది.

కాగితాల మాట. మొదటి ఆస్పత్రిలో ఫైల్ ఇవ్వం, జిరాక్స్ కూడా ఇవ్వం అన్నారని చెప్పావు. ఇవ్వాలిరా. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో 17 హక్కులుంటే, వేరే డాక్టర్ అభిప్రాయం తీసుకోవడం కూడా వాటిలో ఒకటి. గొడవ పెట్టుకోకుండా ఒక తెల్లకాగితం మీద రాసి ఇచ్చి, ఇంకో కాపీ మీద సంతకం తీసుకో. స్కాన్ ఫిల్ములు, రక్తపరీక్షలు, వాడిన మందుల చీటీలు అన్నీ తేదీల వరసలో పెట్టు. ఖాళీ మందు అట్టలు పారేయకుండా తీసుకురమ్మను, 'ఎర్ర మాత్ర, గుండ్రంగా ఉంటుంది' అంటే ఏ డాక్టరుకీ అర్థం కాదు.

ఈలోపు ఐరన్ మాత్రలు మానొద్దని చెప్పు. పొద్దున్నే కాఫీతో కలిపి మింగుతోందన్నావు, అలా అయితే ఒంటికి సరిగ్గా పట్టదు. కాఫీకీ మాత్రకీ మధ్య గంటా రెండు గంటలైనా తేడా ఉండాలి, నిమ్మరసంతో వేసుకుంటే మంచిది, కాల్షియం మాత్ర వేరే పూట. మలం నల్లగా వస్తే ఐరన్ వల్లేనని ముందే చెప్పు, లేకపోతే దానికో స్కాన్ తీయించుకొస్తారు. మాత్రలు పడకపోతే సెలైన్‌లో కలిపి ఎక్కించే ఐరన్ ఉంది. మీ ఫ్యామిలీ గ్రూపులో మీ చిన్నాన్న పెట్టిన బీట్‌రూట్ రసం తాగితే తాగనీ, నష్టం లేదు, కానీ 8.2ని 12 చేసేది అది కాదు. ఎవరి మాట మీదో కషాయాలు మొదలుపెడితే మాత్రం డాక్టరుకి చెప్పాలి, దాచొద్దు.

ఒక్క విషయంలో మాత్రం ఇంకో డాక్టర్, ఇంకో ఊరు అని చూడొద్దు. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, కళ్లు తిరిగి పడిపోయినా, దగ్గర్లో ఏ ఆస్పత్రి ఉంటే అక్కడికి వెంటనే తీసుకెళ్లండి. అభిప్రాయాలు తర్వాత.

ఇక నీకు చెప్పాల్సింది. నువ్వు మంచోడివే, డబ్బులు సర్దుతున్నావు, తిరుగుతున్నావు. కానీ అక్కకి బదులు డాక్టర్‌తో నువ్వు మాట్లాడొద్దు. బావ కూడా. మగవాళ్లు ఇద్దరు పక్కన నిలబడితే అక్క నోరు తెరవదు, ఎన్ని రోజులు అవుతోందో కూడా సగం తగ్గించి చెప్తుంది. నిన్న రాత్రి నేనే అక్కకి ఫోన్ చేశాను, నీకు చెప్పకుండా, తిట్టుకో. చాలాసేపు మాట్లాడింది. ఆపరేషన్ అంటే భయంగా ఉందని, చిన్నదాని టెన్త్ పరీక్షలు అయ్యాక అయితే బాగుండునని, కానీ అందరూ నిర్ణయించేశాక వద్దనడం ఎలా అని అంది. అది నీకు తెలియాలని రాస్తున్నా.

డేట్ వాయిదా వేయించు. వచ్చే శనివారం తెల్లవారుజామున బస్సుకి అక్కని ఎక్కించు, కె.ఆర్.పురంలో నేనొచ్చి తీసుకుంటా. బావ వస్తానంటే రానీ, కానీ డాక్టర్ గదిలోకి అక్కా నేనూ వెళ్తాం, ఆయన్ని బయట కూర్చోబెట్టి పేపరిస్తా. థైరాయిడ్ పరీక్ష ఎప్పుడైనా చేయించారేమో అక్కని అడిగి ఈ రాత్రికే చెప్పు, ఆ స్కాన్ ఫోటో కూడా వెలుతురులో మళ్లీ తీసి పంపు.

నీ
సుధ