లైఫ్‌గార్డులు దిగిపోయాక మొదలయ్యే మా సాయంత్రాలు

సంపాదకులకు నమస్కారం.

బీచ్ రోడ్డుకు కొత్త దీపాలు, ఫొటోలు దిగడానికి పెద్ద అక్షరాల బోర్డు, రంగురంగుల బెంచీలు రాబోతున్నాయని ఈమధ్య మీ పత్రికలో చదివాను. సంతోషం. పర్యాటకులు వస్తే ఊరికి నాలుగు డబ్బులొస్తాయి, కాదనను. కానీ ఆ వార్త ఆసాంతం వెతికినా లైఫ్‌గార్డుల డ్యూటీ వేళల గురించి ఒక్క ముక్క కనబడలేదు. అందుకే ఈ లేఖ.

నాకిద్దరు పిల్లలు. పెద్దదానికి ఆరేళ్లు, చిన్నాడికి మూడు. సముద్రం మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరం. ఫోన్ చేసిన చుట్టాలంతా "మీకేం, రోజూ సెలవులే" అంటారు. సెలవులకు వచ్చేవాళ్లు గొడుగు పాతుకుని రెండు రోజులు బీచ్ చూసి వెళ్లిపోతారు. మాకు బీచ్ అంటే స్కూలు బ్యాగు గుమ్మంలో పడేశాక, హోంవర్కుకు కూర్చోబెట్టేలోపు దొరికే ముప్పావు గంట. ఆ తర్వాత ఇసుక మాతోపాటే ఇంటికొస్తుంది. పక్క దులిపితే ఇసుక, బూట్లు వంచితే ఇసుక. ఓసారి చిన్నాడి చెవిలోంచి కూడా తీశాను. తువ్వాళ్లు పూర్తిగా ఆరిన రోజు నాకు గుర్తులేదు. ఖాళీ గవ్వ అనుకుని మా పెద్దది తెచ్చి కిటికీలో పెట్టినదానికి రాత్రి కాళ్లొచ్చాయి. అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకెళ్లి మా ఆయన దాన్ని ఒడ్డున వదిలిపెట్టి వచ్చాడు. ఇవన్నీ కష్టాలని చెప్పడం లేదు. ఈ జీవితం నాకిష్టం.

ఇబ్బందల్లా గడియారంతోనే. మా బీచ్‌లో పనిరోజుల్లో లైఫ్‌గార్డులు ఉదయం పదింటికి వచ్చి సాయంత్రం నాలుగింటికి దిగిపోతారు. చిన్నపిల్లల్ని ఎండలో తిప్పొద్దని డాక్టర్లు చెప్పేది కూడా సరిగ్గా ఆ పది నుంచి నాలుగు వరకే. ఆ వేళ అతినీలలోహిత కిరణాలు తీవ్రంగా ఉంటాయి, పొడి ఇసుక అరికాళ్లను కాల్చేస్తుంది. బడి ఈడు పిల్లలు ఎటూ క్లాసులో ఉంటారు. అంటే ఒడ్డు మీద పిల్లలు లేని వేళ కాపలా ఉంటుంది, పిల్లలు వచ్చే వేళకు ఉండదు. "మధ్యాహ్నమంతా ఉత్త ఇసుకకు కాపలా కాస్తుంటాం అమ్మా" అని వాళ్లలో ఒకతనే నాతో అన్నాడు. తప్పు వాళ్లది కాదు. వేళలు రాసిన కాగితానిది.

నాకిది ఎందుకు ఇంత పట్టింపో చెప్పాలంటే పోయినేడాది ఒక సాయంత్రం గురించి చెప్పాలి. ఆ రోజు అలలు కాస్త పెద్దగానే ఉన్నాయి. ఒకచోట మాత్రం అలలు విరగకుండా, నీళ్లు నున్నగా, కొంచెం ముదురు రంగులో ఉన్నాయి. పిల్లలకు అదే నయమనుకుని నేనే అక్కడికి తీసుకెళ్లాను. చిన్నాడు నా చంకలో ఉన్నాడు. పెద్దది నా పక్కనే, దాని నడుము లోతులో. చూస్తుండగానే నా పక్క నుంచి జరిగిపోయింది. అల కొట్టలేదు, కాలు జారలేదు. కన్వేయర్ బెల్టు మీద నిలబెట్టినట్టు మెల్లగా లోపలికి వెళ్తోంది. అది కేక వేయలేదు, నా వైపు చూస్తోంది, అంతే. చెయ్యి అందింది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇంకో రెండు అడుగులు పోయి ఉంటే చంకలో ఉన్నవాణ్ని ఏం చేసేదాన్నో ఇప్పటికీ తెలియదు.

మర్నాడు పగటిపూట వెళ్లి లైఫ్‌గార్డును అడిగాను. దాన్ని రిప్ కరెంట్ అంటారట. అలలు ఒడ్డుకు తోసిన నీరు తిరిగి లోపలికి పోవడానికి దారి వెతుక్కుంటుంది. నీటి అడుగున ఇసుక తిన్నెల మధ్య సందు దొరికితే అంతా అటే పరుగెడుతుంది. అక్కడ లోతు ఎక్కువ కాబట్టి అల విరగదు, పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. నేను నయమనుకున్న చోటు అదే. ఉధృతంగా ఉన్నప్పుడు దాని వేగం సెకనుకు 2 మీటర్లు దాటుతుంది. ఒలింపిక్ ఈతగాళ్లు కూడా దానికి ఎదురీదలేరు. అది మనిషిని కిందికి లాగదు, ఒడ్డుకు దూరంగా మోసుకుపోతుంది. అందుకే ఎదురీది అలసిపోకుండా తేలుతూ ఉండాలి, లేదా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ ప్రవాహంలోంచి బయటపడాలి. పెద్దవాళ్లకైతే చెప్పొచ్చు. ఆరేళ్లదానికి, అదీ నీళ్లలో ఉండగా, ఎలా చెప్తాం?

ఇసుక తిన్నెలు కదులుతుంటాయి, వాటితో పాటు ఈ ప్రవాహమూ చోటు మారుతుంది. కాబట్టి ఒకచోట "ప్రమాదం" అని సిమెంటు బోర్డు కట్టేస్తే సరిపోదు. నీళ్లు చదవడం తెలిసిన మనిషి చూసి, సగం ఎరుపు, సగం పసుపు ఉండే జెండాలు రెండు ఎక్కడ పాతాలో ఎప్పటికప్పుడు తేల్చాలి. ఆ రెండు జెండాల మధ్యే దిగాలి, పూర్తిగా ఎర్రటి జెండా ఎగిరితే అసలు దిగకూడదు. మా దగ్గర నాలుగింటికి గార్డులతో పాటు జెండాలూ వెళ్లిపోతాయి. కొత్తవాళ్లేమో ఎర్ర జెండా లేదు కదా, ప్రమాదం లేదనుకుంటారు. జెండా లేదంటే చూసేవాడు లేడని అర్థం.

సినిమాల్లో మునిగిపోయేవాళ్లు చేతులు ఊపుతారు, కేకలేస్తారు. పసిపిల్లలు అలా చేయరు. ఊపిరి అందనివాళ్లకు అరవడానికి ఊపిరెక్కడిది? పెద్ద చప్పుడేమీ లేకుండా, ఒక్కోసారి నిమిషంలోపే అయిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీటమునిగి చనిపోయారు. వాళ్లలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలు. ఇవన్నీ సముద్రం లెక్కలు కావు, చెరువులు, బావులు, నదులు అన్నీ కలిపి. అయినా మూడేళ్లవాణ్ని ఇంట్లో పెట్టుకుని ఆ వాక్యం మామూలుగా చదవలేకపోయాను.

"పిల్లల్ని చూసుకోవాల్సింది తల్లిదండ్రులు కదా" అంటారు. నిజమే. లైఫ్‌గార్డు ఆయా కాదు. చిన్నపిల్లలు ఎప్పుడూ చెయ్యి చాచితే అందేంత దూరంలోనే ఉండాలి. ఫోన్ చూస్తూ కూర్చునే నాన్నల మీద, అమ్మల మీద నాకూ కోపమే. నేనూ చూసిన రోజులున్నాయి, ఒప్పుకుంటున్నాను. కానీ ఇద్దరు పిల్లలతో ఒక్క మనిషి ఒడ్డున ఉన్నప్పుడు ఏమవుతుందో కూడా వినండి. ఆట మంచి ఊపులో ఉండగా చిన్నాడు రెండు కాళ్లూ దగ్గరకు పెట్టి "అమ్మా, వస్తోంది" అంటాడు. దగ్గర్లో ఉన్న టాయిలెట్‌కు పనిరోజుల్లో తాళం. తెరిచి ఉండేది రోడ్డు అవతల. పెద్దదాన్ని నీళ్లలోంచి లాక్కుని, అది ఏడుస్తుంటే, ఇద్దర్నీ తడిబట్టలతో రోడ్డు దాటించాలి. లేదా పక్కనున్న ముక్కూముఖం తెలియనివాళ్లతో "కాస్త చూస్తుండండి" అని పరుగెత్తాలి. రెండోది చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. టాయిలెట్ తాళాన్ని పారిశుధ్యం ఖాతాలో రాస్తారు గానీ, నా లెక్కలో అది భద్రత విషయమే. పక్కనే కాళ్లు కడుక్కోవడానికి ఓ కుళాయి కూడా పెడితే మా వాషింగ్ మెషిన్ మరో రెండేళ్లు బతుకుతుంది.

ఇక ఆ కొత్త దీపాల సంగతి. వెలుతురు ఉంటే జనం చీకటి పడ్డాక కూడా నీళ్లలోంచి బయటికి రారు. రోడ్డు మీది దీపం వెలుగులో మోకాలి లోతు నీళ్లెక్కడ, మెడలోతు ఎక్కడ అన్నది తెలియదు. కాపలా పెంచకుండా దీపాలు పెంచితే మేలు కన్నా కీడే ఎక్కువ. (గుడ్డు పగిలి బయటికొచ్చిన తాబేలు పిల్లలు కూడా సముద్రమనుకుని దీపాల వైపే నడుస్తాయి. ఇది మా పెద్దదాని ఫిర్యాదు. రాయకపోతే ఊరుకోదు.)

పగలు వచ్చినవాళ్లు తవ్వి వదిలేసిన గుంటలు పూడ్చే పని కూడా ఎవరికైనా అప్పగిస్తే బాగుంటుంది. పిల్లాడి మోకాలి కన్నా లోతైన గుంట అంచు విరిగి మీద పడితే ఆ ఇసుక బరువులోంచి వాడు బయటికి రాలేడు. తీసేవాళ్లకు కూడా తవ్విన కొద్దీ జారిపడుతూనే ఉంటుంది.

డబ్బుల్లేవంటారని తెలుసు. అందుకే ఒక్క కొత్త ఉద్యోగం కూడా అడగడం లేదు. ఉన్న మనుషుల్నే, ఉన్న గంటల్నే జరపమంటున్నాను. పనిరోజుల్లో పొద్దున్నే రెండు గంటలు, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా ఉంటే చాలు. పొద్దుటా సాయంత్రమూ ఒకే మనిషిని రమ్మనకుండా వంతులు వేయొచ్చు. సెలవు రోజుల్లో, వేసవిలో మధ్యాహ్నం కూడా జనం ఉంటారు కాబట్టి అప్పుడు ఇప్పటిలాగే నడపండి. చీకటి పడి గార్డులు వెళ్లేటప్పుడు జెండా తీసేసి ఊరుకోకుండా "ఇప్పుడు కాపలా లేదు" అని ఓ బోర్డు తిప్పి పెట్టి వెళ్తే, చదవడం వచ్చినవాళ్లన్నా ఆగుతారు.

ఈ సంగతి వార్డు సమావేశంలో ఒకసారి అడిగాను. "పరిశీలిస్తాం" అన్నారు. ఆ మాట అన్నవాళ్లు నిజంగా పరిశీలించాలనుకుంటే ఏదైనా ఒక మంగళవారం సాయంత్రం ఐదింటికి బీచ్‌కు రమ్మనండి. ఒడ్డున పిల్లలు ఎంతమంది, గార్డులు ఎంతమంది అని లెక్కపెట్టుకోవచ్చు. నేను అక్కడే ఉంటాను. ఇద్దరు పిల్లల్నీ చెరో చేత్తో పట్టుకుని టాయిలెట్ కోసం రోడ్డు దాటుతూ కనబడితే ఆమెనే నేను.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి