మిర్చి సెస్సులో పరిశోధనకూ ఒక వాటా ఇవ్వండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో పదిహేనేళ్లుగా ప్లాంట్ ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. ధర కోసం ఆపుకున్న మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఎండాకాలం మొదలయ్యేసరికి మా చాంబర్లకు చేరతాయి. ఇక అక్కడి నుంచి కంప్రెసర్లకు రాత్రీ పగలూ విశ్రాంతి ఉండదు. మొన్న సరుకు చూసుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన, కార్బన్ ఉద్గారాల మాట వచ్చినప్పుడు, ‘పొగ తగ్గించమంటే పని తగ్గించుకోమనేగా!’ అన్నారు. అక్కడున్న నలుగురూ అవునన్నారు. నాకు మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. పరిశోధన తోడైతే పని తగ్గకుండానే పొగ తగ్గించవచ్చని నా నమ్మకం.

మా ప్లాంట్‌లో జరిగిందే చెబుతాను. చాంబర్లో చల్లగాలి తిప్పే ఫ్యాన్లకు ఒకప్పుడు ఆన్, ఆఫ్ తప్ప ఇంకో దారి లేదు. లారీల్లోంచి వేడి వేడిగా సరుకు దిగిన రోజూ అదే వేగం, సరుకంతా చల్లబడి నిలకడగా ఉన్న రోజూ అదే వేగం. మూడేళ్ల కిందట వాటికి వేగం మార్చే డ్రైవ్‌లు బిగించారు. ఫ్యాన్ వేగం ఐదో వంతు తగ్గిస్తే అది లాగే కరెంటు దాదాపు సగానికి పడిపోతుందని బిగించడానికి వచ్చిన కుర్రాడు చెబితే నేను నమ్మలేదు. ప్యానెల్ ముందు నిలబడి కిలోవాట్ల అంకె దిగిపోవడం కళ్లారా చూశాక నమ్మాను. పైగా ఫ్యాన్ మోటారు వేడి కూడా చాంబర్లోకే పోతుంది కదా, అది తగ్గడంతో కంప్రెసర్ కూడా కాస్త ఊపిరి పీల్చుకుంది. కాయ రంగు చెడలేదు. ఒక్క టిక్కీ కూడా తక్కువ పెట్టలేదు. మన గ్రిడ్‌లో ఒక్క యూనిట్ కరెంటు వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. మరి ఇక్కడ తగ్గింది పనా, పొగా?

ఇంట్లో బల్బు సంగతీ అంతే. నీలి ఎల్ఈడీ కోసం జపాన్ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కష్టపడ్డారు, 2014లో దానికే నోబెల్ వచ్చింది. అదే ఏడాది మన దేశంలో ప్రభుత్వం కొన్న ఎల్ఈడీ బల్బు ధర 310 రూపాయలు. 2016కల్లా అది 38 రూపాయలకు దిగింది. ఆ పంపిణీ మొదలైన తొలి జిల్లాల్లో మన గుంటూరు ఒకటి. 60 వాట్ల వెలుగు 9 వాట్లకే వచ్చేసింది.

అన్నిటికంటే దగ్గరిది మన కంచంలోనే ఉంది. బియ్యం సంచి మీద ‘బీపీటీ’ అని చూస్తుంటాం, అది బాపట్ల పేరే. అక్కడి పరిశోధన కేంద్రంలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204, అదే సాంబ మసూరి, ఎన్ని కుటుంబాలకు అన్నం పెట్టిందో, ఎన్ని మిల్లులను నడిపిందో లెక్క కట్టగలమా? హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థ ఇప్పుడు అదే సాంబ మసూరిని జన్యు సవరణతో మెరుగుపరిచి ‘కమల’ అనే రకాన్ని తయారుచేసింది. 2025 మేలో కేంద్రం దాన్ని ప్రకటించింది. దిగుబడి పెరుగుతుందని, పంట దాదాపు 20 రోజులు ముందే కోతకు వస్తుందని చెబుతున్నారు. నీళ్లు నిలబెట్టిన మాగాణిలో అడుగున గాలి ఆడక మీథేన్ పుడుతుంది, వాతావరణాన్ని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే చాలా తీవ్రమైనది. పొలంలో నీళ్లుండే రోజులు తగ్గితే ఆ మీథేన్ కూడా తగ్గుతుంది. మన డెల్టా రైతు వేసి చూశాకే ఈ రకం సత్తా తేలుతుంది, కాదనను. కానీ దిగుబడీ కాలుష్యమూ కలిసే పెరగాలన్న రూలేమీ లేదని తెలియడానికి ఇలాంటి ప్రయత్నం జరగాలి కదా.

2005 నుంచి 2020 మధ్య మన జీడీపీలో ఒక్కో రూపాయికి వెలువడే ఉద్గారాలు 36 శాతం తగ్గాయని కేంద్రం ఐక్యరాజ్యసమితికి తెలిపింది. మొత్తం ఉద్గారాలు మాత్రం ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. అయినా మనం పరిశోధనకు పెడుతున్నదెంత? 2020-21 లెక్క చూస్తే జీడీపీలో 0.64 శాతం. ఆ రోజుల్లోనే చైనా 2.4 శాతం, దక్షిణ కొరియా దాదాపు 5 శాతం పెట్టాయి. నన్ను ఎక్కువ బాధించేది ఇంకొకటి. కొరియాలో ఆ డబ్బులో సింహభాగం పరిశ్రమలు పెడతాయి. మన దగ్గర పరిశ్రమల వాటా మూడో వంతుకు కాస్త పైన, మిగతాదంతా ప్రభుత్వమే చూసుకోవాలని వదిలేశాం. కేంద్రం 2025లో లక్ష కోట్ల రూపాయల పరిశోధన నిధికి ఆమోదం తెలిపింది, సంతోషం. కానీ మిర్చి నిల్వ చేసే ప్లాంట్ల సమస్యలను అక్కడ ఎవరు అడుగుతారు? మనమే అడగాలి, మన వంతు డబ్బూ పెట్టాలి.

అందుకే మార్కెట్ కమిటీకీ వ్యాపారుల సంఘాలకూ నా విన్నపం. మిర్చి యార్డులో అమ్మకాలపై పన్నుగా వసూలయ్యే మార్కెట్ సెస్సులో ఏటా కొంత భాగాన్ని పరిశోధన కోసం విడిగా పెట్టండి. గుంటూరు పక్కనే లాం గ్రామంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. పరిశోధనాంశాలకు కొదవ లేదు. పగలు సోలార్ కరెంటుతో చల్లదనాన్ని నిల్వ చేసుకుని రాత్రి కంప్రెసర్లు ఆపేయగలమా? మా పాత గోడల్లోంచి ఎంత చల్లదనం కారిపోతోంది? కళ్లంలో రోజుల తరబడి ఎండబెట్టిన కాయ ఒక్క అకాల వర్షానికి తడిసి పాడైపోతుంటే రైతు తల పట్టుకుని కూర్చుంటున్నాడు. డీజిలూ కట్టెలూ కాల్చకుండా, సన్నకారు రైతుకు అందే ధరలో కాయ ఆరబెట్టే యంత్రం తయారుచేయలేమా? మా చాంబర్‌కు వచ్చే ప్రతి టిక్కీ వెనకా ఈ టెన్షన్ ఉంది.

కొత్త పంట యార్డుకు వచ్చేలోపు కమిటీ ఈ విషయం చర్చకు పెట్టాలని కోరుతున్నాను. మా ప్లాంట్‌లో గంట గంటకూ ఉష్ణోగ్రత, కరెంటు రీడింగులు రాసిన లాగ్‌బుక్కులు పదేళ్లవి భద్రంగా ఉన్నాయి. మా ఓనరు గారిని అడిగాను, సరేనన్నారు. చదువుకునే పిల్లలెవరు వచ్చినా దగ్గరుండి చూపిస్తాను.

ఇట్లు,
ఒక కోల్డ్ స్టోరేజీ ఉద్యోగి,
గుంటూరు