బడి తెరిచేలోపు ఎమ్మెల్యే గారు చెప్పాల్సిన మాటలు

సంపాదకులకు నమస్కారం.

జూన్ 12 దగ్గర పడే కొద్దీ ఊరి సెంటర్లో రెండు రకాల ఫ్లెక్సీలు లేస్తాయి. ఒకటి ర్యాంకుల ఫొటోలతో ప్రైవేటు బడిది. రెండోది విద్యార్థినీ విద్యార్థులకు శుభాకాంక్షలంటూ ఎమ్మెల్యే గారిది. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేదీ ఆ రెండోదే. శుభాకాంక్షలు ఎవరికీ చేదు కాదు. కానీ ఆ పది రోజులూ తల్లులు గ్రామ, వార్డు సచివాలయానికీ, బ్యాంకుకూ, పాత బడికీ కాళ్లరిగేలా తిరిగేది వేరే సంగతుల కోసం. అవన్నీ అర పేజీ కరపత్రంలో పట్టేవే. ఆంధ్రప్రదేశ్‌లోని 175 మంది ఎమ్మెల్యేలూ ఈసారి ఫొటో సైజు కాస్త తగ్గించి కింది సంగతులు వేయిస్తే బాగుంటుంది.

ముందు తల్లికి వందనం, అంటే చదివే పిల్లల తల్లుల ఖాతాల్లో ప్రభుత్వం డబ్బు వేసే పథకం. ప్రకటనలో 15,000 అని ఉంటుంది, 2025 జూన్‌లో తల్లుల ఖాతాల్లో పడింది 13,000. మిగతా 2,000 బడి నిర్వహణకూ, మరుగుదొడ్ల శుభ్రతకూ పట్టుకున్నారు. ఈ ఒక్క వాక్యం ముందే చెప్పి ఉంటే హెడ్మాస్టర్ల మీద సగం అనుమానాలు పుట్టేవే కావు. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా ఇంట్లో ఎంతమంది చదివితే అందరికీ వస్తుంది, హాజరు 75 శాతం ఉండాలి. ఇదంతా చాలామందికి తెలుసు. తెలియనిది, పేరు అనర్హుల జాబితాలోకి ఎందుకు పోయింది, ఎవరి దగ్గరికి పోతే బయటికొస్తుంది అన్నది.

కరెంటు నిబంధనే తీసుకుందాం. నెలకు సగటున 300 యూనిట్లు దాటితే అర్హత పోతుంది. రెండు లైట్లు, ఒక ఫ్యాను ఉన్న ఇంటికి 300 ఎలా దాటింది? ఒకే ఆధార్‌కు రెండు మూడు మీటర్లు ముడిపడి ఉంటే వాటి యూనిట్లన్నీ కలిపి లెక్కేస్తారు. ఎప్పుడో ఖాళీ చేసిన అద్దె ఇంటి మీటరు కూడా ఇంకా ఆ ఆధార్ మీదే ఉండిపోతుంది. దాన్ని తీసేయాల్సింది సచివాలయం కాదు, విద్యుత్ శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఆఫీసు. బిల్లు మీదున్న సర్వీసు నంబరు రాసి, ఈ సర్వీసు మాది కాదు, మా ఆధార్ తొలగించండి అని అక్కడ అర్జీ పెట్టాలి. తొలగించాక ఆ కాగితం తెచ్చి సచివాలయంలో అభ్యంతరం నమోదు చేయించాలి. ఈ వరస తెలియక ముందు సచివాలయానికి వెళ్లినవాళ్లు తిరిగి తిరిగి విసిగిపోతారు.

కారు సంగతీ ఇంతే, పేరు మీద అది ఉంటే అర్హత పోతుంది. అమ్మేసి ఏళ్లవుతుంది, కొన్నవాడు పేరు మార్చుకోడు, ఆర్‌సీ ఇంకా పాత పేరు మీదే ఉంటుంది. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్లకు మినహాయింపు ఉంది కాబట్టి అవి ఉన్నవాళ్లు కంగారు పడక్కర్లేదు. ఇంకొకటి ఇంటి మ్యాపింగ్, అంటే రికార్డులో ఎవరెవరిని ఒకే ఇంటివాళ్లుగా చూపారన్నది. పెళ్లయి వేరు కాపురం పెట్టిన తమ్ముడికి ప్రభుత్వ ఉద్యోగం ఉంటుంది, రికార్డులో మాత్రం అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, అన్న పిల్లలకు డబ్బు ఆగుతుంది. కుటుంబాలను విడదీయించుకునే పని డబ్బు పడే వారంలో తేలేది కాదు, మే నెలలోనే మొదలుపెట్టాలి.

అర్హుల జాబితాలో పేరుండీ డబ్బు రాలేదనేవాళ్లలో చాలామందికి నిజానికి వచ్చే ఉంటుంది, వేరే ఖాతాలో. ఆధార్ ఆధారంగా వేసే డబ్బు పాస్‌బుక్ నంబరు చూసి పడదు. బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ దగ్గర ఆ ఆధార్‌కు చివరగా ఏ బ్యాంకు జతయిందో అక్కడికి పోతుంది. డ్వాక్రా లోను కోసమనో, గ్యాస్ సబ్సిడీ కోసమనో ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతా అది కావచ్చు. మైఆధార్ వెబ్‌సైట్లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే బ్యాంకు పేరు కనిపిస్తుంది. ఆధార్‌కు ఫోన్ నంబరు కలిపి ఉంటే చాలు, ఓటీపీతో రెండు నిమిషాల పని. ఆ ఖాతా వాడుకలో లేకపోతే, ఇప్పుడు వాడుతున్న బ్యాంకుకే వెళ్లి ఆధార్ సీడింగ్ (ఆధార్‌ను ఖాతాకు జతచేసే) ఫారం ఇవ్వాలి. కేవైసీ (గుర్తింపు పత్రాల నమోదు) మాత్రమే చేయించుకుని సీడింగ్ కూడా అయిందనుకోవడం అందరూ చేసే పొరపాటు. పథకం స్థితి ప్రభుత్వ మనమిత్ర వాట్సాప్ నంబరు 95523 00009లో చూసుకోవచ్చన్నది కూడా కరపత్రంలో పెద్ద అక్షరాల్లో ఉండాలి.

బడి మారే పిల్లల చిక్కు ఇంకా గట్టిది, దాని గురించి ఏ నాయకుడూ మాట్లాడడు. బడుల, విద్యార్థుల వివరాలుండే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో ప్రతి బిడ్డకూ పెన్ అనే శాశ్వత నంబరు ఉంటుంది. పాత బడి ఆ బిడ్డను డ్రాప్ బాక్సు (బడి వదిలిన పిల్లల జాబితా)లోకి వదిలితేనే కొత్త బడి తన జాబితాలోకి లాక్కోగలదు. ఫీజు బాకీ ఉందని పాత బడి వదలదు. బిడ్డ కొత్త తరగతిలో కూర్చుని ఉంటాడు, కంప్యూటర్లో పాత బడిలోనే ఉంటాడు. దానివల్ల కిట్టుకూ తిప్పలే, హాజరు లెక్కకూ తిప్పలే. ఇక్కడ విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ స్పష్టంగా ఉంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడికి మారే పిల్లలకు పాత బడి హెడ్మాస్టర్ టీసీ వెంటనే ఇవ్వాలి, టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. కాబట్టి ముందు బిడ్డను చేర్చేయాలి. తర్వాత పెన్ నంబరు, పాత బడి పేరు, చేరిన తేదీ రాసి ఎంఈఓకు (మండల విద్యాధికారికి) కాగితం ఇచ్చి, దాని నకలు మీద సంతకం, తేదీ వేయించుకోవాలి. నోటి మాటగా చెప్పిన ఫిర్యాదు ఎంఈఓ ఆఫీసులో నిలవదు. మండలానికి ఇద్దరు ఎంఈఓలున్నారు, ఏ పని ఎవరిదో, వాళ్ల ఆఫీసు నంబర్లేమిటో వేయడం ఎమ్మెల్యే ఆఫీసుకు పెద్ద కష్టం కాదు.

ఒకటో తరగతిలో చేరే పిల్లల ఆధార్ గురించి ఒక మాట. అయిదేళ్ల లోపు తీసిన ఆధార్‌లో వేలిముద్రలుండవు. అయిదు దాటాక వేలిముద్రలు, కనుపాప, కొత్త ఫొటో ఇవ్వాలి, ఏడేళ్లలోపు చేయిస్తే ఉచితం. మళ్లీ పదిహేనేళ్లకు ఇంకోసారి. బడి రిజిస్టర్లో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో అక్షరం తేడాతో ఇంకో ఇంటిపేరు ఉంటే అపార్ నంబరు (విద్యార్థి చదువంతటికీ ఒకటే ఉండే గుర్తింపు నంబరు) దగ్గర పని ఆగిపోతుంది. జనన ధ్రువపత్రంలో ఎలా ఉందో చూసి రెండూ దానికే సరిచేయించుకోవడం మేలు. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) దాకా లాగితే అది వేరే భాగోతం.

ప్రైవేటు బడుల్లో 25 శాతం ఉచిత సీట్ల నోటిఫికేషన్ బడులు తెరవకముందే వచ్చి పోతుంది. జూన్‌లో ఫ్లెక్సీ కట్టి దాని గురించి చెప్పడం పెళ్లయ్యాక శుభలేఖ పంచినట్టే. అనాథలు, హెచ్‌ఐవీ బాధిత పిల్లలు, దివ్యాంగులకు కలిపి 5 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, మిగతా బలహీన వర్గాలకు 6. సీటు వచ్చిన బిడ్డకు ప్రవేశ పరీక్ష పెట్టినా, డొనేషన్ అడిగినా విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం శిక్ష ఉంది. పరీక్ష పెడితే మొదటిసారి 25,000 దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా. డొనేషన్‌కైతే వసూలు చేసిన దానికి పదింతల దాకా.

మధ్యాహ్న భోజనంలో సన్నబియ్యం వచ్చింది, మంచిదే. కొలత తెలిస్తే తల్లిదండ్రుల కమిటీ వాళ్లే చూసుకుంటారు. ప్రాథమిక తరగతుల్లో వంద మంది తిన్నరోజు 10 కిలోల బియ్యం, 2 కిలోల పప్పు, 5 కిలోల కూరగాయలు, అర కిలో నూనె పడాలి. ఆరు నుంచి ఎనిమిదికి ఇవన్నీ ఒకటిన్నర రెట్లు.

వేసవంతా నిలిచిపోయిన నీళ్ల ట్యాంకు మొదటిరోజే వాడకూడదు. అడుగున పేరుకున్న బురద తీసి, రుద్ది కడిగి, నింపాక వెయ్యి లీటర్లకు 4 గ్రాముల బ్లీచింగ్ పొడి చొప్పున బకెట్లో కలిపి, తేరుకున్న నీళ్లే పోయాలి. అర గంట ఆగి కుళాయి దగ్గర క్లోరిన్ పరీక్ష చేస్తే కనీసం 0.2 పీపీఎం (లీటరుకు 0.2 మిల్లీగ్రాములు) చూపాలి. మూత తీసి నెలల తరబడి మూలన పడేసిన పొడిలో క్లోరిన్ మిగలదు, ఎంత పోసినా దండగ. ఇది పంచాయతీ చేయాల్సిన పని, ఎమ్మెల్యే గారు ఒక్క ఫోన్ కొడితే చాలు.

బస్సుల ఫిట్‌నెస్ తనిఖీలు రవాణా శాఖ ఎటూ చేస్తుంది. ఏ బడి బస్సులకు ఫిట్‌నెస్ లేదో ఆ జాబితా జనానికి చెప్పడమే జరగడం లేదు.

ఇంకొక్క కోరిక. జూలైలో రెండో కరపత్రం రావాలి. మండలం వారీగా తల్లికి వందనం అభ్యంతరాలు ఎన్ని వచ్చాయి, ఎన్ని తేలాయి, డ్రాప్ బాక్సులోకి రాని పిల్లలు ఎంతమంది, ఏ బడికి పుస్తకాలు ఇంకా చేరలేదు, ఏ బడిలో టీచరు లేరు అన్న అంకెలు మాత్రమే అందులో ఉండాలి. 2025లో మెగా పీటీఎం (తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశం) జూలై 10న పెట్టారు. అలాంటి రోజు తల్లులంతా బడి ఆవరణలోనే ఉంటారు, వేదిక మీద ఎమ్మెల్యే గారూ ఉంటారు. మైకు పట్టుకుని ఆ అంకెలు చదవడానికి పది నిమిషాలు పట్టదు.

- కొందరు విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, నరసరావుపేట