మా పక్క సైటులో హాలు వద్దు, అరుగు చాలు

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది విజయవాడ, సింగ్‌నగర్ వైపు. మా ఇంటి పక్కన ఒక ఖాళీ సైటు ఉంది, కాలనీ వేసినప్పుడు అందరి కోసం అని వదిలిన స్థలం. ఇప్పటి రూల్ ప్రకారం లేఅవుట్‌లో 10 శాతం ఇలా వదలాలట. వదలడం వరకూ బాగానే ఉంది, తర్వాత దాని సంగతి ఎవరికీ పట్టదు కాబట్టి ఇన్నేళ్లూ అందులో వయ్యారిభామ పెరిగింది, పందులు తిరిగాయి, మందు సీసాలు పోగుపడ్డాయి. పక్కింటివాళ్లు ప్రహరీ గోడ మీద ఎవరూ మూత్రం పొయ్యకుండా దేవుళ్ల టైల్స్ అతికించి చూశారు. మూడు మతాలవీ వరసగా పెట్టారు పాపం. ఎవరూ ఆగలేదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు మా వీధుల్లోకి వచ్చిన కథ మీ పేపర్లోనే రోజుల తరబడి వచ్చింది, మళ్లీ చెప్పను. నీళ్లు తీశాక ఫైరింజన్లు వచ్చి వీధులు కడిగాయి, ఇళ్లూ కడిగాయి, కానీ ఇళ్లలోంచి బయట పడేసిన పరుపులు, ఉబ్బిపోయిన ప్లైవుడ్ తలుపులు, పిల్లల పుస్తకాలు చాలావరకు ఈ సైటులోకే చేరాయి. మా టీవీ కూడా. ఆ గోడ మీద మాత్రం నా భుజం ఎత్తున ఒక గోధుమరంగు గీత మిగిలింది, స్కేలు పెట్టి గీసినట్టు.

తర్వాతి సంక్రాంతికి భోగిమంట వేద్దామంటే రోడ్డు మీద బైకులకే చోటు లేదు. కుర్రాళ్లు సైటులో ఒక మూల చదును చేశారు, మేం ముగ్గులు కూడా అక్కడే వేశాం. మా వీధి చివర పెయింటర్ బాబాయి ఉంటారు. ఒకప్పుడు గాంధీనగర్ సినిమా హాళ్లకి బ్యానర్లు వేసిన మనిషి, ఫ్లెక్సీలు వచ్చాక పని పోయి ఇప్పుడు ఒక అపార్ట్‌మెంట్‌లో నైట్ వాచ్‌మన్. ఆయన ముగ్గులు చూడ్డానికి వచ్చి గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. మర్నాడు సున్నం బకెట్టుతో దిగారు.

వరద గీతని మాత్రం ముట్టుకోలేదు. దాని కింద గోడంతా నీలం కొట్టారు. ఆరాక రంగుపొడి అద్దిన దారాన్ని ఇద్దరు పిల్లల చేత ఆ చివరా ఈ చివరా పట్టించి, మధ్యలో లాగి వదిలితే టప్‌మని గోడ మీద గీత పడింది. అలా అడ్డంగా, నిలువుగా గళ్లు కొట్టి, చేతిలో ఉన్న చిన్న కాగితం మీది బొమ్మకి కూడా అన్నే గళ్లు గీసి, పిల్లకో గడి పంచారు. నీ గడిలో ఏముందో అదే వెయ్యి, పక్కవాడి గడి చూడకు అని ఒకటే షరతు. ఒక చిన్న పిల్ల తను వేస్తున్నది ఏంటో తనకే తెలియకుండా గంటసేపు వేసి, నాలుగడుగులు వెనక్కి వచ్చి చూసి "పడవ!" అని అరిచింది. సినిమా హీరోల మొహాలు ఒకప్పుడు ఇలాగే గడిగడిగా పెద్దవయ్యేవట. ఇన్నేళ్లు ఒకే వీధిలో ఉండి నాకు ఆ సంగతి తెలియదు.

ఇప్పుడు ఆ గోడ మీద గీత కింద చేపలతోపాటు రైస్ కుక్కరు, స్కూటరు, ఒక మంచం ఈదుతుంటాయి. గీత పైన మేడల మీద మేమందరం ఉన్నాం, డ్రోన్ నుంచి భోజనం పొట్లాలు దిగుతున్నాయి. ఆ గోడ దగ్గర ఇప్పుడు ఎవరూ జిప్పు తియ్యడం లేదు. దేవుళ్ల వల్ల కానిది చేపల వల్ల అయింది.

సాయంత్రాలు జనం చేరుతున్నారు. ఒక కుర్రాడు డప్పు నేర్చుకుంటున్నాడు (ఇంకా రాలేదు, భరిస్తున్నాం). నాటకాల్లో వేషాలు కట్టిన పెద్దాయన ఒకరు అడిగితే చాలు పద్యం అందుకుంటారు, ఆపమంటే మాత్రం కష్టం. ఎవరూ ప్రోగ్రాం అని పేరు పెట్టలేదు.

అసలు ఈ ఉత్తరం ఎందుకంటే, ఈ స్థలం ఇలా వాడుకునే అనుమతి కోసం ఒక ఆఫీసుకి వెళ్తే అక్కణ్ణించి ఇంకో ఆఫీసుకి పంపారు, ఈలోపు ఎవరో రాత్రిపూట రెండు ట్రాక్టర్ల రబ్బిష్ తెచ్చి అందులో పోసి పోయారు. అదలా ఉంచితే, ఇప్పుడు అక్కడ షెడ్డు వేసి, టైల్స్ పరిచి, చుట్టూ గ్రిల్లు పెట్టి ఆర్ట్ హాలు కడితే బాగుంటుందని కొందరు పెద్దలు అంటున్నారు. మంచి మనసుతోనే అంటున్నారు, కాదనను. కానీ గ్రిల్లు అంటే తాళం, తాళం అంటే తాళం చెవి ఎవరి దగ్గరుందో వెతుక్కోవడం. ఊళ్లో తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం ఉంది, నేనూ వెళ్తాను, కానీ దానికి మంచి చీర కట్టుకోవాలి, ఆటో మాట్లాడుకోవాలి. ఇది నైటీ మీద చున్నీ వేసుకుని వెళ్లగలిగే చోటు. మా నాన్న నాజర్ గారి బుర్రకథ గురించి చెప్పినప్పుడల్లా మైదానం గురించీ, తెల్లవార్లూ కూర్చున్న జనం గురించీ చెప్పేవారు తప్ప హాలు మాట ఎప్పుడూ రాలేదు. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్ అనే కళల వేదికకి మా తమ్ముడు ఒకసారి తీసుకెళ్లాడు. అదీ ఒక పాత ఇల్లే, బండరాయి పక్కన ఖాళీ జాగా, టీ. అంతకన్నా ఆర్భాటం ఏం లేదు, అయినా నిలబడింది.

టైల్స్ సంగతి ఇంకోటి. మాది నీళ్లు నిలిచే ఏరియా. ఉన్న ఒక్క మట్టి జాగాకీ టైల్స్ వేస్తే వాన నీళ్లు ఇంకేది ఎక్కడ? మట్టి పోసి ఎత్తు పెంచినా ఆ నీళ్లు మా గుమ్మాల్లోకే వస్తాయి. దయచేసి ఆ నేలని అలాగే వదిలెయ్యండి.

ఎదురింటి రిటైర్డ్ మాస్టారు అసలు అక్కడ జనం చేరడానికే పూర్తిగా వ్యతిరేకం. రేపు మైకులు పెడతారు, ఎల్లుండి ఎవరో విగ్రహం పెడతారు, తర్వాత అది ఎవరి సొంతమో తెలీదు అంటారు. ఆయన భయం ఉత్తది కాదు, మా పక్క కాలనీలో చూశాం. రాత్రి 10 తర్వాత మైకు పెట్టకూడదని రూల్ ఉంది కదా అంటే ఆయన నవ్వుతారు. అందుకని మాలో మేం అసలు మైకే వద్దనుకున్నాం, గోడ మీద దేవుడూ వద్దు, నాయకుడూ వద్దు. విగ్రహం మాటకి నా జవాబు ఒకటే. రోజూ జనం కూర్చునే చోట రాత్రికి రాత్రి ఎవరూ దిమ్మె కట్టలేరు. ఇన్నాళ్లూ ఖాళీగా ఉందనే కదా అందరి కన్నూ దాని మీద పడింది.

కాబట్టి మేం అడిగేది చిన్నది. సైటులో ఉన్న వేప చెట్టు చుట్టూ ఒక అరుగు, ఒక కుళాయి, రెండు లైట్లు, చెత్త బండి రోజూ రావడం, ఈ స్థలం ఇలా వాడుకోవచ్చని ఒక కాగితం. ఎండకీ వానకీ రంగు వెలుస్తుంది కాబట్టి ఏడాదికోసారి మళ్లీ వెయ్యడానికి పెయింటర్ బాబాయి లాంటి పాత బ్యానర్ ఆర్టిస్టులకి కూలి ఇచ్చి పిలవాలి. సన్మానం, శాలువా కాదు, కూలి. ఊళ్లో అలాంటివాళ్లు ఇంకా ఉన్నారని ఆయనే చెప్పారు.

మీ విలేకరిని పంపేటట్టయితే సాయంత్రం ఆరు దాటాక పంపండి. పగలు ఎండకి అక్కడ ఎవరూ ఉండరు, వేప చెట్టు ఇంకా చిన్నది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సింగ్‌నగర్, విజయవాడ