తొమ్మిదో తరగతి తల్లిదండ్రులకు: పేరు, పత్రాలు, సరిహద్దు అవతలి కాలేజీలు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల లేఖంతా తొమ్మిదో తరగతి వారి ఇళ్ళకే. బోర్డు నమోదు మొదలవుతోంది. ఇప్పుడు నమోదైన పేరే పదో తరగతి సర్టిఫికెట్ మీద అచ్చవుతుంది. రేపు కాలేజీలోనూ ఉద్యోగంలోనూ పుట్టిన తేదీకి ఆ కాగితాన్నే అడుగుతారు.

మన పర్లాకిమిడిలో ఈ పని మిగతా ఊళ్ళకన్నా చిక్కు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఊరు ఇటు వచ్చింది, పాతపట్నం అటు, ఇప్పటి ఆంధ్ర వైపు ఉండిపోయింది. రాజావారి బడిలో ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన గిడుగు రామమూర్తి గారు ఆ ఏడే ఇక్కడి ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మన చుట్టరికాలు మాత్రం ఇప్పటికీ రెండు వైపులా ఉన్నాయి. తల్లి కాన్పుకి టెక్కలి వెళ్తుంది, బిడ్డ జనన పత్రం అక్కడిది అవుతుంది. ఆధార్ ఇక్కడ తీయిస్తాం. రెండింటిలో పేరు ఒక్కలా ఉండదు.

తేడా ఎక్కడ వస్తుందో చూడండి. జనన పత్రంలో 'జి. వంశీ' అని ఉంటుంది. ఒడియాలో రాసేసరికి వకారం బకారమవుతుంది. దాన్ని చూసి ఇంగ్లీషులో ఎక్కించినప్పుడు 'వి' పోయి 'బి' వస్తుంది. వంశీ కాస్తా బంశీ. సునీత అని రాయడానికి మనం 'టి' పక్కన 'హెచ్' పెడతాం, ఒడియా వారు పెట్టరు. ఇక ఇంటిపేరు మనకు ముందు, వారికి చివర. ఆన్‌లైన్ ఫారంలో ఇంటిపేరు గడి ఖాళీగా వదలకూడదని అక్కడ ఒక్క 'జి' అక్షరం కొడతారు. ఆ ఒక్క అక్షరం పిల్లాడి వెంట చాలా దూరం వస్తుంది. ఇంటిపేరు పూర్తిగా రాయించండి. ముందైనా చివరైనా ఫరవాలేదు, అన్ని చోట్లా ఒకేలా ఉండాలి.

ఒక సాయంత్రం జనన పత్రం, ఆధార్, కుల ధ్రువపత్రం, మేము పంపే రిజిస్టరు నకలు పక్కపక్కన పరవండి. ఒకరు ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పైకి చదవాలి, మరొకరు సరిచూడాలి. తల్లిదండ్రుల పేర్లూ అలాగే చూడండి. అమ్మ పేరు ఒకచోట పుట్టింటి ఇంటిపేరుతో, ఇంకోచోట అత్తింటి ఇంటిపేరుతో ఉండటం మామూలే.

దిద్దే వరుస తప్పకండి. ముందు జనన పత్రం, దాని ఆధారంగా ఆధార్, ఆ తర్వాత బడి రిజిస్టరు, చివరికి అపార్ ఐడీ, అంటే విద్యార్థికిచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. ముందే ఆధార్ మార్చేసి, తర్వాత జనన పత్రంలో ఇంకో తప్పు బయటపడితే ఆ అవకాశం వృథా. జనన పత్రాన్ని నమోదు చేసిన కార్యాలయంలోనే దిద్దుతారు. టెక్కలిలో పుట్టిన బిడ్డకు ఇక్కడి మునిసిపాలిటీ ఏమీ చేయలేదు. జనన నమోదులో బిడ్డ పేరే లేకుండా వదిలేసిన వారు మరీ తొందరపడాలి. పేరు చేర్చడానికి నమోదైన నాటి నుంచి 15 ఏళ్ళ గడువు, మన పిల్లలకు పద్నాలుగు నిండుతున్నాయి. 15 ఏళ్ళు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు, కనుపాపలు మళ్ళీ ఇవ్వాలి. 17 లోపు అయితే రుసుం లేదు.

చాలామంది పదో తరగతి ఇక్కడ చదివించి, ఇంటర్ శ్రీకాకుళంలోనో విశాఖలోనో వేస్తే పిల్లలు ఆంధ్రలో లోకల్ అవుతారనుకుంటున్నారు. కారు. ఇంజనీరింగు సీట్లలో 85 శాతం స్థానికులవి. ఆ లెక్కలోకి రావాలంటే అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాలు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు, అక్కడే చదివి ఉండాలి. ఇంటర్ రెండేళ్ళు సరిపోవు. మిగిలిన 15 శాతంలో ఒక దారి ఉంది: తల్లి గానీ తండ్రి గానీ ఆంధ్రలో మొత్తం పదేళ్ళు నివసించినట్టు రుజువుంటే పోటీ పడొచ్చు. తహసీల్దారు దగ్గర ఆ పత్రం ఇప్పుడే అడిగి చూడండి.

కుల ధ్రువపత్రం సరిహద్దు దాటదు, ఇక్కడిది చూపితే అక్కడ రిజర్వేషన్ రాదు. కులం పేరు రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ ఉన్నా సరే. ఆంధ్ర నుంచి బొంబాయి వెళ్ళి పెరిగిన ఒక తెలుగు కుర్రాడి మెడికల్ సీటు కేసులో 1990లో సుప్రీంకోర్టు ఎస్సీ, ఎస్టీల విషయంలో ఇదే చెప్పింది. ఈ సంగతి కౌన్సెలింగ్ రోజున తెలిస్తే ఇంటిల్లిపాదికీ కన్నీళ్ళే. అందుకే ఇన్నేళ్ళ ముందే ఇంత వివరంగా రాస్తున్నాను.

బోర్డు మారేవారికి టీసీతోపాటు మైగ్రేషన్ సర్టిఫికెట్ కావాలి. టీసీ అసలు కాలేజీలో ఉండిపోతుంది, ముందే నాలుగు జిరాక్సులు తీయించుకోండి.

సరిచూసిన కాగితం మీద తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసి ఈ నెలాఖరులోగా పంపండి. తేడా ఉన్నచోట ఎర్ర సిరాతో సున్నా చుట్టండి. ఇంగ్లీషు అక్షరాలు చదవడం కష్టమైతే కాగితాలన్నీ ఆఫీసుకు తెండి, కూర్చుని కలిసి చూద్దాం. అసలు పత్రాలకు మాత్రం లామినేషన్ చేయించకండి, దాని మీద ముద్ర పడదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని