పోసేవాడిదే పూచీ

సంపాదకులకు నమస్కారం.

పెళ్లిళ్ల సీజన్ వస్తోంది. మా నల్లగొండ దిక్కు దావత్ అంటే ముక్కా, సుక్కా రెండూ ఉండాలి. వద్దన్నవాడిని ఒట్టు పెట్టి తాగించడమే మర్యాద అనుకుంటాం. నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి. పదకొండేళ్ల కింద మా గృహప్రవేశం నాడు తోటి లెక్చరర్ చాలు చాలంటున్నా వినకుండా గ్లాసు నింపాను. ఆ రాత్రి బైకు మీద చిట్యాల పోతూ నార్కట్‌పల్లి దాటాక డివైడర్‌కు గుద్దుకున్నాడు. కుడికాలు మోకాలి దాకా తీసేశారు. ఆయన నన్ను ఇప్పటికీ ఒక్క మాట అనలేదు.

మొన్న దసరాకు గ్లాస్గో నుంచి మా అబ్బాయి వచ్చాడు. అక్కడ పది మందిని కూర్చోబెట్టి, ఒక్కొక్క విస్కీ గురించి వివరం చెబుతూ కొద్దికొద్దిగా రుచి చూపిస్తారట. మనింట్లో కూడా చేద్దాం నాన్నా అన్నాడు. కొలత నా చేతిలో ఉంటేనే అన్నాను. పాత మిత్రులు ఏడుగురిని పిలిచాను, ఆ చిట్యాల మిత్రుడిని కూడా.

మూడు రకాలు, రకానికి 15 మి.లీ. మెజరింగ్ సిలిండర్‌తో నేనే పోశాను. మూడూ కలిపి 45 మి.లీ., అందులో ఆల్కహాల్ దాదాపు 15 గ్రాములు. బండి నడిపేవాళ్లకు చట్టం పెట్టిన హద్దు 100 మి.లీ. రక్తానికి 30 మి.గ్రా. ఆల్కహాల్. డెబ్బై కిలోల మనిషి ఖాళీ కడుపున ఈ కాస్త తాగినా ఆ హద్దు దాటవచ్చు. నలభై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పిన నేను ఈ లెక్క ఆ రోజే మొదటిసారి వేశాను. అందుకే ముందు అందరికీ అన్నం పెట్టాం, గుమ్మంలోనే బండి తాళాలు తీసుకున్నాం, రెండు ఆటోలు, ఒక కిరాయి కారు మాట్లాడి పెట్టాం.

సోడా లేదు, కూల్ డ్రింక్ లేదు. ఐసు వేస్తే వాసన ముడుచుకుపోతుందని అదీ లేదు. నాలుగు చుక్కల నీళ్లు మాత్రం కలపమన్నాడు అబ్బాయి. అది నాకు నచ్చింది. పొగ వాసననిచ్చే గ్వాయకాల్ అనే పదార్థం నీళ్లు కలిసేకొద్దీ గ్లాసులో పైకి చేరుతుందని 2017లో స్వీడన్ శాస్త్రవేత్తలు కంప్యూటర్ లెక్కలతో చూపించారు.

మొదటిది స్కాట్లండ్‌ది, తేలికది. ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్లు మగ్గితే గానీ దాన్ని స్కాచ్ అనకూడదని అక్కడి చట్టం. రెండోది మన బెంగళూరు అమృత్. 2004లో దాన్ని మొదట అమ్మకానికి పెట్టింది గ్లాస్గోలోనే. బెంగళూరు వేడికి పీపాలోంచి ఏటా పదో వంతు దాకా ఆవిరైపోతుందట, స్కాట్లండ్‌లో నూటికి రెండు పాళ్లే. ఒకాయన బెల్లం పాకం అన్నాడు, ఇంకొకాయన ఎండుద్రాక్ష అన్నాడు. వాసన చూసి ఇది తాటికల్లు, ఇది ఈతకల్లు, ఇది పొద్దుటిది, ఇది మాపటిది అని చెప్పగల మనుషులం మనం. ఆ ముక్కు మనకు ఎప్పటినుంచో ఉంది. గటగటా తాగే దగ్గరే దాన్ని మరిచిపోయాం.

గంటన్నర కూర్చున్నాం. ఇంకొకటి పొయ్యమని ఎవరూ అడగలేదు. దావత్ ఇచ్చేవాళ్లకు నా మనవి ఇదే: కొలిచి పొయ్యండి, వద్దంటే ఆపండి, తాళాలు తీసుకోండి, ఇంటికి చేర్చే బండి ముందే మాట్లాడండి.

చిట్యాల మిత్రుడు ఆ ప్రమాదం తర్వాత తాగడం మానేశాడు. గ్లాసులు వాసన మాత్రం చూశాడు. మూడో విస్కీ స్కాట్లండ్‌లోని ఐలా దీవిది. అక్కడ పీట్ అనే బురదనేల గడ్డలు కాల్చి ఆ పొగకు బార్లీ మొలకలు ఆరబెడతారు. అది ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. "అమ్మ కట్టెల పొయ్యి మీద నీళ్లు చల్లి ఆర్పినప్పుడు వచ్చే వాసన" అన్నాడు. మేమంతా మళ్లీ వాసన చూశాం. అదే.

కారులో ఆయన పక్కన కూర్చుని చిట్యాల దాకా పోయి, గడప దాటించి వచ్చాను.

– ఒక విశ్రాంత కెమిస్ట్రీ లెక్చరర్, నల్లగొండ