బల్బులు మేమే పెట్టుకున్నాం, కిట్టూ

రాజమండ్రి

చిరంజీవి కిట్టుకి అమ్మ ఆశీస్సులు.

మేం బాగున్నాం. నువ్వు వేళకి తింటున్నావా? "ఓకే అమ్మా" అన్న మెసేజ్ తప్ప నీ గొంతు విని చాలా రోజులైంది. పని ఎక్కువగా ఉందేమోలే.

పండక్కి వచ్చినప్పుడు నువ్వు కొనిపెట్టి వెళ్ళిన, ఫోనుతోనే వేసి ఆపే స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు మేమే పెట్టుకున్నాం. కరెంటాఫీసులో ఏఈగా రిటైరైన ఒకాయన ఆదివారాలు పార్కులో మాలాంటి పెద్దవాళ్ళకి నేర్పుతున్నారు. తను ముట్టుకోరు, ఫోను మన చేతికే ఇచ్చి పక్కన నిలబడతారు. మీరైతే ఫోను లాక్కుని నిమిషంలో చేసేస్తారు. అలాగైతే మాకెలా వస్తుంది? ఎవరికైనా ఓపిగ్గానే నేర్పాలి నాన్నా, రేపు నీ కింద పనిచేసేవాళ్ళకైనా అంతే.

అన్నట్టు, మీ కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారట అని చిన్నత్తయ్య అంది. నేను పట్టించుకోలేదు.

వసారా బల్బు ఎంతకీ యాప్‌లో కలవలేదు. పాడైందని, తిప్పి పంపేద్దామని మీ నాన్నగారు ఒకటే గొడవ. సారేమో ముందు ఫోను ఏ వైఫైలో ఉందో చూడమన్నారు. మన రౌటరుకి రెండు పేర్లున్నాయిగా, ఫోను 5జీ అని, అంటే 5 గిగాహెర్ట్జ్‌ది అని ఉన్నదాంట్లో ఉంది. ఈ బల్బుకి 2.4 గిగాహెర్ట్జ్‌దే కావాలట. అది మార్చి, స్విచ్చి వేసి ఆపి, వేసి ఆపి, బల్బు మిణుకుమన్నాక కలిపితే ఠక్కున వెలిగింది. ఆ హుషారులో మీ నాన్నగారు గీజరుకి కూడా కన్వర్టర్ తగిలించి చిన్న ప్లగ్గు పెట్టబోయారు. 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, 6 ఆంపియర్లది కాలిపోతుంది, 16దే పెట్టాలని సార్ గట్టిగా చెప్పారు. బోర్డు లోపల పెట్టే స్మార్ట్ స్విచ్చిల జోలికి మాత్రం పోవద్దన్నారు. వాటికి మామూలుగా న్యూట్రల్ వైరు కూడా కావాలట, మన పాత ఇంటి బోర్డుల్లోకి అది రాదు, ఇది ఎలక్ట్రీషియన్ చూడాల్సిన పని. కెమెరా పెడితే దాంతో వచ్చిన పాస్‌వర్డ్ వెంటనే మార్చాలట. నీ గదిలో మార్చావా?

మీ నాన్నగారు రాత్రి లేస్తే మంచం మీంచే వసారా లైటు వేస్తున్నాను. మా గురించి టెన్షన్ పెట్టుకోకు. ఆ డిపాజిట్ గడువు వచ్చే నెల తీరుతుంది, మాకు దాంతో పని లేదు. బెంగళూరులో అద్దెలు మండిపోతున్నాయంటగా. ఉద్యోగం ఎలా ఉన్నా అన్నం మానకు.

కందిపొడి, ఆవకాయ పంపుతున్నా. తడి చెంచా పెట్టకు. ఆదివారం పదింటికల్లా క్లాసు అయిపోతుంది, ఆ తర్వాత ఫోన్ చెయ్యి. మెసేజ్ వద్దు.

అమ్మ